మన కథ ఎవరు చెప్పాలె? – శ్యాం బెనెగల్‌ను తలుచుకుంటూ

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు – మూడు చోట్ల జరిగిన సమావేశాల్లో మేము మాట్లాడిన మాటలను ఒక్కచోట కూర్చి ఇస్తున్నాము.)



గద్వాలలో ఈ మాటలు మొదలుపెట్టగానే వెనక నుంచి ఒక పెద్దాయన లేచిండు. "సారూ, సినిమా డైరెక్టరు సంగతి మనకెందుకు? కూలి సంగతి చెప్పు, భూమి సంగతి చెప్పు" అన్నడు. ఆయన అడిగింది న్యాయమే. మన సభల్లో ప్రశ్నలు అట్లనే ఉండాలె. ఆ పెద్దాయనకు జవాబు ఉంది. చివర్ల చెప్తం. అందాక ఓపిక పట్టుండ్రి.

1988, 89లో మేము చిన్న పిల్లలం. మా ఊర్ల అప్పటికి రెండే టీవీలు. ఒకటి పంచాయతీ ఆఫీసుల ఉండేది, అది ఎప్పుడూ ఖరాబే. ఇంకొకటి పెద్దింట్ల ఉండేది. ఆదివారం పొద్దున మా వాడ పిల్లలం పది పన్నెండు మందిమి ఆ ఇంటి కిటికీ కాడికి పోయి నిలబడేటోళ్ళం. అరుగు ఎక్కనిచ్చేటోళ్ళు కాదు. ఊచల సందుల నుంచి చూసుడే. పొట్టోళ్ళు పొడుగోళ్ళ భుజాలెక్కేది. హిందీ ఒక్క ముక్క తెలిసేది కాదు. అయినా చూసేటోళ్ళం.

ఆ రోజుల్లో దూరదర్శన్‌లో 'భారత్ ఏక్ ఖోజ్' అని ఒక సీరియల్ వచ్చేది. మొత్తం 53 భాగాలు. నెహ్రూ రాసిన పుస్తకం ఆధారంగా తీసిన దేశ చరిత్ర. ఒక ఆదివారం అందులో తలపాగా కట్టుకున్న ఒకాయన కనిపించిండు. ఎవరో మాకు తెల్వదు. ఇంటోళ్ళకు తెలిసినా చెప్పేటోళ్ళు లేరు. కాసేపటికి "మూక ఎక్కువైంది" అని లోపలి నుంచి కిటికీ తలుపు వేసిండ్రు. పదేండ్ల తర్వాత డిగ్రీలో పుస్తకాలు పట్టుకున్నప్పుడు తెలిసింది, ఆయన మహాత్మా జోతిబా ఫూలే అని. ఆ వేషం కట్టినాయన సదాశివ్ అమ్రాపుర్కర్ అని. ఆ సీరియల్ తీసింది శ్యాం బెనెగల్ అని. ఫూలేను మేము మొట్టమొదట చూసింది పెద్దింటి కిటికీ బయట నిలబడి. మూసింది ఒకరు, చూపించింది ఒకరు. ఆ చూపించినాయన గురించే ఈ నాలుగు మాటలు.

శ్యాం బెనెగల్ మనకు పరాయి మనిషి కాదు. 1934 డిసెంబరు 14న హైదరాబాదు తిరుమలగిరిలో పుట్టిండు. అల్వాల్‌లో పెరిగిండు. ఇంట్ల మాట్లాడేది కొంకణి. సారస్వత బ్రాహ్మణ కుటుంబం. నాయిన ఫొటోగ్రాఫరు. ఆయన కెమెరాతోనే పన్నెండేండ్ల వయసుల మొదటి సినిమా తీసిండంటరు. ఉస్మానియాలో అర్థశాస్త్రం చదివిండు. హైదరాబాదులో ఫిల్మ్ సొసైటీ పెట్టిండు. ఆయన చిన్నతనంలనే తెలంగాణ సాయుధ పోరాటం నడిచింది. దొర ఎట్లుంటడో, గడీ ఎట్లుంటదో, వెట్టి ఎట్లుంటదో ఆయనకు పుస్తకాల నుంచి తెలియాల్సిన అవసరం రాలేదు.

తర్వాత బొంబాయి పోయిండు. మన పాలమూరోళ్ళు కూడా బొంబాయి పోతరు. మనం తట్ట పార పట్టుకుని పోతం, ఆయన కలం పట్టుకుని పోయిండు. 1959లో ఒక ప్రకటనల కంపెనీలో రాతగాడిగా చేరిండు. సబ్బులకు, పౌడర్లకు ప్రకటనలు తయారుచేసే పని. వందల కొద్ది ప్రకటనల చిత్రాలు, డాక్యుమెంటరీలు తీసిండు. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌ల పాఠాలు చెప్పిండు. ఫెలోషిప్పు మీద అమెరికా పోయి అక్కడ పిల్లల టీవీ కార్యక్రమాలు తయారుచేసే సంస్థల పని నేర్చుకున్నడు. ఇంత చేస్తున్నా మనసుల మాత్రం ఒకే కథ. కాలేజీ నాటి నుంచి పట్టుకుని తిరుగుతున్న తెలంగాణ కథ. ఆ కథకు పైసలు పెట్టేటోడు పదేండ్లు దాటినా దొరకలేదు. దొరల కథ, జీతగాళ్ళ కథ ఎవడు చూస్తడని అందరి లెక్క. చివరికి సినిమా హాళ్ళకు ప్రకటనలు సరఫరా చేసే బ్లేజ్ కంపెనీ పెట్టుబడి పెట్టింది. 1974లో 'అంకుర్' వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై ఏండ్లు.

చూడనోళ్ళ కోసం ఆ కథ రెండు ముక్కల్లో చెప్తం. పట్నంల చదివిన సూర్య అనే దొర కొడుకు తండ్రి మాట మీద పల్లెకొచ్చి వ్యవసాయం చూసుకుంటడు. ఆ ఇంట్ల పనికి లక్ష్మి ఉంటది. ఆమె మొగడు కిష్టయ్య. చెవుడు, మూగ. కుండలు చేసేటోడు, అల్యూమినియం గిన్నెలొచ్చి గిరాకీ పోయి తాగుడుకు పడ్డడు. చిన్న దొర ముందు పెద్ద మనసున్నోడి లెక్కనే కనిపిస్తడు. లక్ష్మి చేతి చాయ తాగుతడు. ఊరు గుసగుసలాడితే పట్టించుకోడు. ఇక్కడ మనం జాగ్రత్తగ చూడాలె. చేతి చాయ తాగినంత మాత్రాన కులం పోయిందని మనోళ్ళు కూడా మోసపోతరు. కల్లు దొంగతనం చేసిండని కిష్టయ్యకు గుండు గీయించి గాడిద మీద ఊరేగిస్తరు. ఆ సిగ్గుకు కిష్టయ్య ఊరిడిచి పోతడు. లక్ష్మి ఒంటరిదైతది. చిన్న దొర ఆమెను లోబరుచుకుంటడు. ఆమె కడుపుతో ఉందని తెలిసిన నాడు మాత్రం అతని మంచితనం ఏమైందో కనపడదు. కడుపు తీయించుకొమ్మంటడు. ఆమె ఒప్పుకోదు.

ఆఖరుకు కిష్టయ్య తిరిగొస్తడు. పని అడుగుదామని కట్టె పట్టుకుని దొర కాడికి పోతడు. చేసిన తప్పు లోపల తొలుస్తుంటది కదా, దొర కొడుకు తనను కొట్టనీకె వస్తుండనుకుని కిష్టయ్యను కొరడాతో గొడ్డును కొట్టినట్టు కొడతడు. మూగోడు ఏమని చెప్పుకుంటడు? అప్పుడు లక్ష్మి ఊరందరి ముందు దొరను తిట్టి పోస్తది. దొర ఇంట్లకు ఉరికి తలుపేసుకుంటడు. అంతా చూసిన ఒక చిన్న పోరడు రాయి తీసుకుని కిటికీ అద్దం మీదికి విసిరి ఉరుకుతడు. తెర ఎర్రబడతది. సినిమా అయిపోతది.

కిటికీ బయట నిలబడ్డ పిల్లలం కాబట్టి ఆ రాయి మాకు అర్థమైంది. లక్ష్మి వేషం కట్టిన షబానా ఆజ్మీకి అది తొలి సినిమా. ఆమెకూ, కిష్టయ్య వేసిన సాధు మెహర్‌కూ జాతీయ అవార్డులు వచ్చినయి. ఇంకో సంగతి. అందులో మనుషులు మాట్లాడేది దక్కనీ. అప్పటిదాకా హిందీ సినిమాల మన దిక్కు హిందీ నవ్వులాటకే పనికొచ్చేది. ఏడుపుకు, కోపానికి కూడా ఆ భాష సరిపోతదని చూపించిండు.

మరుసటి ఏడు, 1975లో 'నిశాంత్'. విజయ్ టెండూల్కర్ రాసిన కథ. తెలంగాణలో జరిగిన సంగతే ఆధారం. ఇది మా టీచర్ల కథ కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తం. ఒక ఊరికి కొత్తగ బడిపంతులు వస్తడు. భార్య సుశీల, ఒక కొడుకు. దొర తమ్ముళ్ళు రాత్రిపూట ఇంటి మీద పడి పంతులు భార్యను ఎత్తుకపోతరు. ఊరు చూస్తది. ఒక్కడు ముందుకు రాడు. పంతులు పోలీసు కాడికి పోతడు, వకీలు కాడికి పోతడు, కలెక్టరు కాడికి పోతడు. ఎవరూ పలకరు. మన దిక్కు కేసు పట్టుకుని ఠాణా చుట్టు తిరిగినోళ్ళకు ఆ నడక కొత్తది కాదు. చివరికి గుడి పూజారి, పంతులు కలిసి ఊరును కదిలిస్తరు. ఉత్సవం నాడు జనం గడీ మీద పడతరు. దొరను చంపుతరు. ఆడికి ఆగరు. ఏ పాపం తెలియని ఇంటి కోడల్ని కూడా చంపుతరు. ఏ ఆడమనిషి కోసం ఊరు లేచిందో ఆ సుశీల కూడా బతకదు. పంతులు ఎంత అరిచినా ఆయన మాట వినేటోడు లేడు.

కార్యకర్తలు ఈ సినిమాను తప్పకుండ చూడాలె. అందులో జనానికి కోపం ఉంది, సంఘం లేదు. కోపానికి ఒక పూట చాలు. సంఘానికి ఏండ్లు పడతది. ఊరును లేపిన తర్వాత ఎటు నడిపించాలెనో తెలియని పంతులు మొఖం ఒక్కసారి చూస్తే, నెలకో మీటింగు, చందా రసీదు పుస్తకం, తీర్మానాల రిజిస్టరు ఎందుకు కావాల్నో అర్థమైతది.

ఆ మరుసటి ఏడు 1976లో 'మంథన్'. గుజరాత్ పాల సంఘాల కథ. దీని సంగతి సంఘం నడిపేటోళ్ళు చెవులు రిక్కించి వినాలె. ఐదు లక్షల మంది పాల రైతులు మనిషికి రెండు రూపాయలు వేసుకుంటే పది లక్షలైంది. ఆ పైసలతోనే సినిమా. తమ సినిమాను చూడనీకె పల్లెల నుంచి లారీలెక్కి వచ్చిండ్రు. సేటు లేడు, కంపెనీ లేదు. 2024లో ఆ సినిమాను బాగుచేసి ఫ్రాన్సు దేశం కాన్స్ పండుగలో మళ్ళీ చూపించిండ్రు. అంటే రెండు రూపాయల సినిమా నలభై ఎనిమిదేండ్లకు కూడా బతికే ఉంది.

ఆ కథలో దళితవాడ ఉంది, భోలా అనే యువకుడున్నడు. పాల సంఘం ఎన్నికల్లో సర్పంచు పెత్తనానికి వాడ ఓట్లు అడ్డం పడతయి. దానికి బదులుగ వాడ గుడిసెలు తగలబడతయి. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఇది వేరే చెప్పాల్నా? పట్నం నుంచి వచ్చిన డాక్టరు సారు చివరికి బదిలీ మీద రైలెక్కి పోతడు. సంఘాన్ని నిలబెట్టేటోడు భోలానే. బయటి నుంచి వచ్చినోడు ఎంత మంచోడైనా ఏదో ఒకనాడు రైలెక్కుతడు. ఆ మాట బెనెగల్ తన సినిమాలనే ఒప్పుకున్నడు. అందుకే ఆయన మీద మాకు గౌరవం.

ఇక టీవీ సంగతి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తీసుకుని ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపిండ్రు. దాన్ని సైట్ అనేటోళ్ళు. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. కృష్ణ దాటితే వచ్చే రాయచూరు జిల్లా కూడా ఉండె. బడి పిల్లల కోసం ఆ ఏడాది బెనెగల్ కార్యక్రమాలు తయారుచేసిండు. ఊరికి ఒక టీవీ, అందరు కలిసి కూర్చుని చూసే టీవీ. ఆ ఏడాది అయిపోయింది, ఉపగ్రహం వెనక్కి పోయింది. తర్వాత టీవీ పెద్దిండ్లల్లకు చేరింది, మనం కిటికీ కాడికి చేరినం. అందరి సొమ్ముతో వచ్చిన వస్తువు కొందరి ఇండ్లల్ల ఎట్ల బంధీ అయితదో ఇదొక పాఠం.

1986లో 'యాత్ర' అని రైలు మీద ఒక సీరియల్ తీసిండు. 1987లో 'సుస్మన్' తీసిండు. అది పోచంపల్లి నేతగాళ్ళ కథ, చేనేత సహకార సంఘాల పైసలతో తీసిన సినిమా. గద్వాల అక్కలకు ఇది వేరే చెప్పనక్కర లేదు. చీర పేరు దేశమంత తెలుసు, నేసినోడి పేరు పక్క వీధికి తెల్వదు. 2010లో విడుదలైన 'వెల్ డన్ అబ్బా' అయితే మన పక్క ఊరి సంగతే. బొంబాయిల డ్రైవరు పని చేసే మనిషి తెలంగాణలోని తన పల్లెకొచ్చి, సర్కారు పథకం కింద బావికి దరఖాస్తు పెడతడు. ఆఫీసుకింత, చేతికింత అని బావి పైసలన్నీ తింటరు. కాగితం మీద బావి తవ్వేసినట్టే ఉంటది, చేన్ల గుంత కూడా ఉండదు. అప్పుడు ఆయన "నా బావిని దొంగలెత్తుకపోయిండ్రు" అని ఠాణాల ఫిర్యాదు ఇస్తడు. మూడు సభల్లోనూ ఈ కథ చెప్పినప్పుడు జనం పగలబడి నవ్విండ్రు. నవ్వి, తర్వాత ఊకున్నరు. మన ఊర్లల్ల ఎన్ని బావులు దొంగలెత్తుకపోయిండ్రో ఎవరి లెక్క వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు ఆయనను అడగాల్సిన ప్రశ్న కూడా అడగాలె. పొగడ్త ఒక్కటే అయితే అది సభ కాదు, భజన. తెలంగాణల పుట్టి పెరిగిన మనిషి తెలుగుల తీసింది ఒక్క సినిమా, 1978లో 'అనుగ్రహం'. కిష్టయ్యను మూగోడిగ ఎందుకు పెట్టిండు? లక్ష్మి తిడతది, పోరడు రాయి వేస్తడు, దెబ్బలు తిన్నోడు మాత్రం మాట్లాడడు. 'భారత్ ఏక్ ఖోజ్' నెహ్రూ కంటితో చూసిన దేశం. వాడ కంటితో చూస్తే ఆ చరిత్ర వేరే ఉంటది. ఈ ప్రశ్నలు మేము అడుగుతున్నం. అయితే ఆయన కూడా తనను తాను అడుక్కున్నట్టే ఉంది. 1999లో వచ్చిన 'సమర్' చూసినోళ్ళు ఆ మాట ఒప్పుకుంటరు.

'సమర్' కథేందంటే, మధ్యప్రదేశ్‌లోని ఒక పల్లెల దళితుని మీద జరిగిన దౌర్జన్యాన్ని సినిమా తీద్దామని బొంబాయి నుంచి ఒక బృందం వస్తది. దళితుని వేషం కట్టే నటుడు కూడా దళితుడే. ఠాకూరు వేషం కట్టేటోడు అగ్రకులపోడు. వాళ్ళు తీసే సినిమా కులం తప్పని చెప్తది. తీసేటోళ్ళ నడుమ మాత్రం, వాళ్ళ మాటల్లో, వాళ్ళ చూపుల్లో కులం బుసలు కొడుతుంటది. హర్ష్ మందర్ రాసిన నిజ సంగతుల మీద ఆధారపడిన ఆ సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. కులం చేన్ల ఉంటది, బాయి కాడ ఉంటది, గుడి కాడ ఉంటదని అందరు చెప్తరు. కెమెరా వెనక కూడా ఉంటదని, తమ సొంత ఇంట్ల ఉంటదని చెప్పిన డైరెక్టర్లు ఎంతమంది?

ఆఖరు దశల, 2014లో, ఎనభై ఏండ్ల వయసుల 'సంవిధాన్' తీసిండు. రాజ్యాంగం ఎట్ల తయారైందో చెప్పే పది భాగాలు. అప్పటి రాజ్యసభ టీవీల వచ్చింది. సచిన్ ఖేడేకర్ బాబాసాహెబు వేషం కట్టిండు. బాబాసాహెబు అందులో రాజ్యాంగ సభల నిలబడి వాదిస్తడు, జవాబు చెప్తడు, ఒప్పిస్తడు. 1974ల మన మనిషి మూగ. 2014ల మన మనిషి మాట దేశానికి చట్టం. ఈ నలభై ఏండ్ల దూరం బెనెగల్ ఒక్కడు నడిచింది కాదు. ఆ నడుమ కారంచేడు ఉంది, దండోరా ఉంది, మన తల్లుల కూలి ఉంది, మన మొదటి తరం చదువులున్నయి. మనం నడిచినం కాబట్టి ఆయన సినిమా కూడా నడిచింది.

2024 డిసెంబరు 23న, తొంభై ఏండ్లు నిండిన తొమ్మిది రోజులకు బొంబాయిల శ్యాం బెనెగల్ కన్నుమూసిండు. పద్మభూషణ్, దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు, రాజ్యసభ సభ్యత్వం అన్నీ చూసిండు. ఆయన సినిమాలను వరుసగ పెడితే మనకు ఒక దారి కనిపిస్తది. 'అంకుర్'ల రాయి, 'నిశాంత్'ల తిరుగుబాటు, 'మంథన్'ల సంఘం, 'సంవిధాన్'ల రాజ్యాంగం. ఆయన చేతనైన కాడికి తెచ్చి పెట్టిండు. మిగిలింది మనది.

మహారాష్ట్రల ఆ మిగిలిన పని మొదలుపెట్టిండ్రు. దళిత దర్శకుడు నాగరాజ్ మంజులే 2013లో 'ఫండ్రీ' తీసిండు. పందులు పట్టే ఇంటి పిల్లగాడు జబ్యా కథ. ఆ సినిమా చివర్ల కూడా పిల్లగాడు రాయి విసురుతడు. ఆ రాయి తెర మీద నుంచి చూసేటోళ్ళ మొఖం మీదికే వస్తది. 'అంకుర్'ల పోరనికి పేరు లేదు, రాయి వేసి ఉరికిండు. 'ఫండ్రీ'ల పిల్లగానికి పేరుంది, ఇల్లుంది, ప్రేముంది, నిలబడి విసురుతడు. తీసినోడు ఆ బతుకు బతికినోడు కాబట్టి.

ఇప్పుడు గద్వాల పెద్దాయనకు జవాబు.

మా బడిల ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల ఉంది. సీడుపత్తి కాలం వస్తే క్రాసింగుకు పోతది. సాయంత్రం మొగ్గలు విప్పి లోపలి పుప్పొడి తీసేసుడు, తెల్లారి మగ పువ్వు తెచ్చి అద్దుడు. చిన్న వేళ్ళయితే మొగ్గ విరగదని పిల్లలను పిలుస్తరు. బడి రిజిస్టరుల ఆ పిల్ల పేరు పక్కన గైర్హాజరు గీతలు పడుతుంటయి. మేము ఇంటికి పోయి అడిగితే వాళ్ళమ్మ, "అడ్వాన్సు తిన్నం సారూ" అన్నది. ఆ పిల్ల ఒక రోజు వాళ్ళన్న ఫోను పట్టుకపోయి, చేన్ల పని చేస్తున్న పిల్లల చేతులను మూడు నిమిషాలు తీసింది. మొఖాలు తీయలేదు, చేతులే. చేను చూసుకునే మనిషి చూసిండు. ఫోను గుంజుకున్నడు. వీడియో తుడిపేసిండు. "మళ్ళ కనిపిస్తే మీ ఇంటోళ్ళకు పని ఉండదు" అన్నడు.

తెల్లారి ఆ పిల్ల బడికొచ్చి మమ్మల్ని అడిగింది: "సార్, ఇన్నేండ్లు మేము పని చేస్తుంటే వాళ్ళకు భయం కాలే. మూడు నిమిషాలు ఫొటో తీస్తే ఎందుకంత భయమైంది?"

పెద్దాయనా, ఇదే జవాబు. కూలి సంగతి, భూమి సంగతి ఎవరు చూపిస్తరు, ఎవరు తుడిపేస్తరు అన్నది కూడా కూలి సంగతే, భూమి సంగతే.

అందుకని మేము మూడు పనులు అడుగుతున్నం. ఒకటి, 'సంవిధాన్' పది భాగాలు యూట్యూబుల ఉన్నయి. వారానికొకటి చొప్పున వాడలో గోడ మీద తెర కట్టి చూపించుండ్రి. హిందీ వచ్చిన పిల్లలు పక్కన నిలబడి తెలుగుల చెప్పాలె. మైకు ఆడపిల్లలకు ఇయ్యుండ్రి. రెండు, ప్రతి సంఘంల ఇద్దరు పిల్లలకు ఫోనుతో తీసుడు, కత్తిరించుడు నేర్పించాలె. ముసలోళ్ళు పోకముందే వాళ్ళ మాటలు పట్టి పెట్టాలె. శ్రీశైలం నీళ్ళల్ల ఊరు మునిగినోళ్ళ మాట, జోగినిగ విడిచిన అవ్వ మాట, బొంబాయి పోయి రానోళ్ళ ఇంటోళ్ళ మాట. వాళ్ళు ఒప్పుకుంటేనే తీయాలె, తీసింది ముందు వాళ్ళకే చూపించాలె. తీసిన రోజే ఇంకో రెండు చోట్ల దాచాలె, తుడిపేసేటోడు ఎప్పుడూ ఉంటడు. మూడు, గుజరాత్ పాలోళ్ళ రెండు రూపాయలు యాది పెట్టుకోండ్రి. మన పిల్లల్ల ఒక్కరినన్నా సినిమా చదువుకు పంపేంత చందా మూడు జిల్లాలు కలిస్తే కాదా?

వనపర్తి సభల ఆ పిల్ల ముందు వరుసలనే కూర్చుంది. సభ అయిపోయినాక మా దగ్గర ఉన్న పాత ఫోను ఆమెకు ఇచ్చినం. ఇయ్యాల్టికి ఆమె చేతిల అది ఉంది. రేపు మళ్ళ గుంజుకుంటరేమో. అప్పుడు ఆ పిల్ల పక్కన ఎంతమందిమి నిలబడతం అన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

జై భీమ్.